తోడు విడువని ఓడ

భద్రాచలమున గోదావరి స్నానఘట్టపు మెట్లపై నిలిచి, ఎదుట పారు నీటిని చూచినవారు మీలో పెక్కుమంది ఉందురు. ఆ నీరు ఎచ్చటికి పోవునో ఎన్నడైనను యోచించితిరా? అది కూనవరము కడ శబరిని కలుపుకొని, పాపికొండల నడుమ ఇరుకు దారిలో సాగి, రాజమహేంద్రవరము మీదుగా ధవళేశ్వరము చేరును. అచ్చట ఆనకట్టను దాటి పాయలుగా చీలును. అందు వసిష్ఠ యను పాయ అంతర్వేది యొద్ద బంగాళాఖాతమున కలియును. మన అడవులలో కురిసిన వాననీరు తుదకు చేరు చోటు ఆ కడలియే.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న కాలమున ఒకమారు మా విద్యార్థులను అంతర్వేదికి విహారయాత్రకు తీసికొనిపోయితిని. వారిలో అంతకుముందు సముద్రమును చూచినవారు ఇద్దరో ముగ్గురో. అలలను చూచి అందరును కేరింతలు కొట్టుచుండగా, ఒక బాలుడు మాత్రము మౌనముగా నిలిచి, “మాష్టరుగారూ, ఈ నీటి అడుగున ఏమున్నదండీ?” అని అడిగెను. “ఏమున్నది నాయనా, ఇసుకయు, చేపలును” అని నేను తేలికగా బదులు చెప్పితిని. అది సగము జవాబు మాత్రమే. మిగిలిన సగము ఈ పాఠము.

ఆ బాలుడు నిలిచిన గట్టునకు ఆగ్నేయముగా, సుమారు 70 కిలోమీటర్ల దూరమున, కడలి అడుగున రెండు పొగయోడలు పడియున్నవి. ఒకదాని పేరు గండారా; రెండవదాని పేరు దార్డనస్. 1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన అవి రెండును ఒకే చోట మునిగినవి. అవి యుద్ధనౌకలు కావు. సరకులు మోయు ఓడలు. గాయపడిన తోటి ఓడను మరియొక ఓడ త్రాటితో కట్టి లాగికొని పోవుచుండగా ఈ విపత్తు సంభవించెను.

ఈ కథ తెలియవలెనన్న ముందుగా పొగయోడ యనగా నేమో తెలియవలెను. పూర్వము ఓడలు తెరచాపలతో నడచెడివి. గాలిని నమ్ముకొని పోవలెను. గాలి లేనిచో నిలిచిపోవలెను. పందొమ్మిదవ శతాబ్దమున ఆవిరియంత్రము ఓడలోనికి వచ్చినది. నీరు మరిగి ఆవిరియైనచో దాని పరిమాణము సుమారు 1,600 రెట్లు పెరుగును. మూతపెట్టిన పాత్రలో అన్నము ఉడుకునప్పుడు మూత ఎగిరిపడుట మీరు చూచియుందురు. ఓడ అడుగుభాగమున పెద్ద పెద్ద బాయిలర్లు ఉండును. వాని క్రింద కొలుములలో బొగ్గు మండును. బాయిలరులో పుట్టిన ఆవిరి గొట్టముల ద్వారా ఇంజనులోనికి పోయి పిస్టనులను త్రోయును. ఆ త్రోపు వలన ఒక పొడవైన ఇరుసు తిరుగును. ఇరుసు చివర, ఓడ వెనుకభాగమున, నీటిలో రెక్కల చక్రము ఒకటి ఉండును. అది తిరుగుచు నీటిని వెనుకకు నెట్టగా ఓడ ముందునకు సాగును. కొన్ని ఓడలలో పిస్టనులకు మారుగా టర్బైను అను చక్రమును ఆవిరి త్రిప్పును. ఏ విధమైనను మూలము ఆవిరియే.

బొగ్గు మాట వచ్చినది కనుక ఒక సంగతి చెప్పవలెను. ఆ నల్లని రాయి మన ప్రాంతపు పిల్లలకు క్రొత్తది కాదు. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు మన ఇల్లందు కడ బొగ్గును కనుగొనెను. 1889లో అచ్చట త్రవ్వకము మొదలైనది. ఇల్లందు, కొత్తగూడెము గనుల బొగ్గు ఎన్నియో ఏండ్లు రైళ్ళను నడపినది. నేలమీద రైలును, నీటిమీద ఓడను నడిపిన శక్తి ఒక్కటే. గనిలో బొగ్గు త్రవ్వు కార్మికుని కష్టమును మీరెరుగుదురు. ఓడలో బొగ్గు వేయువాని కష్టము అంతకు తక్కువది కాదు.

ఆతడు పని చేయు చోటు నీటిమట్టమునకు దిగువన ఉండును. ఒకవైపు కొలిమి వేడి, మరియొకవైపు బొగ్గు ధూళి, కాలిక్రింద ఊగెడు నేల. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామము. మరల నాలుగు గంటలు పని. రాత్రియనక పగలనక కొలిమిలో నిప్పు చల్లారరాదు. చల్లారినచో ఆవిరి తగ్గును. ఆవిరి తగ్గినచో ఓడ నడక తగ్గును. ఓడకు ప్రమాదము కలిగినప్పుడు పైతట్టుమీద నున్నవాడు పడవలోనికి దుముకగలడు. అడుగున నున్నవాడు నిచ్చెనలెక్కి పైకి రావలెను. నీరు మొదట ప్రవేశించునది అడుగుభాగముననే.

బ్రిటిషు కంపెనీల ఓడలలో ఈ పనులు చేసినవారు చాలవరకు మన దేశీయులు. వారిని లస్కరులు అనెడివారు. ఈ మాట మనకు తెలిసినదే. గోదావరి కాలువల తూముల కడ పని చేయువారిని నేటికిని లస్కరులందురు. లస్కరుల పెద్దను సరంగు అనెడివారు. గోదావరిమీద లాంచీ నడుపువానిని మనవారు సరంగనియే పిలుచుదురు. సరంగు క్రింద నుండువాడు తండేలు. శ్రీకాకుళపు బెస్తవారు తమ పడవ నాయకుని నేటికిని ఆ పేరుతోనే పిలుచుచున్నారు. చూచితిరా! మహాసముద్రముల మీది మాటలు మన కాలువ గట్లమీద ఎట్లు నిలిచియున్నవో!

లస్కరుల జీతము, అదే పని చేయు ఆంగ్లేయ నావికుని జీతముకంటె చాల తక్కువగా నుండెడిది. 1939లో యుద్ధము మొదలైనప్పుడు ఇంగ్లండులోను, ఇతర దేశములలోను రేవులయందు మన నావికులు జీతము పెంచనిదే ఓడ ఎక్కమని పట్టుపట్టిరి. కొందరు చెరసాల పాలైరి. తుదకు జీతములు కొంత పెరిగినవి. ఆ పిదప వారు మరల ఓడలెక్కి, టార్పెడోలు పొంచియున్న సముద్రములలోనికి పోయిరి.

గండారా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారి ఓడ. ఈ కంపెనీ 1856లో కలకత్తాకును బర్మాకును నడుమ ఓడలు నడుపుటకై మరియొక పేరుతో మొదలైనది. 1862లో ఈ పేరు పెట్టుకొన్నది. దీని పొగయోడలు విశాఖపట్టణము, భీమునిపట్టణము, కాకినాడ రేవులకు వచ్చెడివి. కూలికై, వ్యాపారమునకై రంగూనునకు పోయిన వేలాది తెలుగువారు ఈ ఓడలలోనే ప్రయాణము చేసిరి. తీరపు పల్లెలలో “రంగం పోయినాడు” అను మాట ఆ దినములనుండి వచ్చినదే.

గండారా 1919లో తయారైనది. దాని పరిమాణము 5,281 గ్రాసు టన్నులు. ఇచ్చట టన్ను అనగా బరువు కాదు. ఓడ లోపలి చోటును కొలుచు మానము. ఒక గ్రాసు టన్ను 100 ఘనపుటడుగులకు సమానము. 25 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల తరగతి గదిలో 5,000 ఘనపుటడుగుల చోటు ఉండును. అట్టి గదులు నూటికి మించి గండారాలో పట్టును. ఇక దార్డనస్ మరియొక కంపెనీది. దానిని బ్లూ ఫన్నెల్ అనెడివారు, అనగా నీలిరంగు పొగగొట్టపు ఓడలవారు. వారు తమ ఓడలకు గ్రీకు పురాణములలోని పేర్లు పెట్టెడివారు. దార్డనస్ 1923లో తయారైనది. దాని పరిమాణము 7,726 టన్నులు. ఇది గండారాకంటె పెద్దది. ఈ మాట గుర్తుంచుకొనుడు.

పొగయోడకు ప్రాణము బొగ్గు అని చెప్పితిని. దానికి గండారా కంపెనీ ఓడయే మరియొకటి దృష్టాంతము. దాని పేరు గేర్‌సొప్పా. కర్ణాటకమున జోగు జలపాతము చెంతనున్న ఊరి పేరు అది. అదియు 1919లో తయారైనదే. 1940 డిసెంబరులో అది వెండి, ముడి ఇనుము, తేయాకు నింపుకొని కలకత్తానుండి ఇంగ్లండునకు బయలుదేరెను. అట్లాంటిక్ మహాసముద్రమున అది ఇతర ఓడలతో గుంపుగా, రక్షకనౌకల నడుమ సాగుచుండెను. ఇంతలో తుఫాను రేగెను. ఎదురుగాలిలో సాగుటకు బొగ్గు ఎక్కువ ఖర్చగును. గమ్యమువరకు బొగ్గు చాలదని తెలిసి, గేర్‌సొప్పా గుంపును విడిచి ఐర్లండు రేవువైపు ఒంటరిగా మరలెను. 1941 ఫిబ్రవరి 16వ తేదీ రాత్రి జర్మను జలాంతర్గామి ఒకటి దానిని ముంచెను. ఓడలో నున్న 80 మందికి పైబడిన నావికులలో తుదకు బ్రతికినవాడు ఒక్కడే. ఒంటరియైన ఓడ గతి అట్టిది. ఈ సంగతి ఆనాటి నావికులందరకును తెలిసినదే.

ఇప్పుడు 1942కు వత్తము. ఆ సంవత్సరము జపాను సేనలు తూర్పు దేశములను ఒకదాని వెంట ఒకటి ఆక్రమించెను. ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను, మార్చి 23న అండమాను దీవులు వారి వశమైనవి. బంగాళాఖాతమునకు తూర్పుగట్టు శత్రువు చేతిలో పడినది. పడమటిగట్టు మన ఆంధ్రతీరము. బర్మానుండి లక్షలాది భారతీయులు అడవిదారులను పట్టి కాలినడకను స్వదేశమునకు మరలిరి. జనవరి నెలాఖరునకే సింధియా కంపెనీవారి జలతరంగ్, జలపాలక అను భారతీయ ఓడలను జపాను జలాంతర్గామి ఈ సముద్రముననే ముంచియుండెను.

ఆ సమయమున కలకత్తా రేవు సరకుల ఓడలతో క్రిక్కిరిసియుండెను. శత్రువిమానములు వచ్చి బాంబులు వేసినచో రేవుతోపాటు ఓడలన్నియు నశించునను భయము కలిగెను. కావున అధికారులు ఓడలను రేవునుండి వెడలించిరి. తీరము వెంబడి దక్షిణమునకు పొమ్మనిరి. అయితే వానికి తోడు పంపుటకు యుద్ధనౌకలు లేవు. ఓడలు చిన్న చిన్న గుంపులుగా, రక్షణ లేక, బయలుదేరెను.

అదే సమయమున జపాను నౌకాదళములు రెండు మన సముద్రములో ప్రవేశించెను. పెద్దది సింహళమువైపు పోయి, ఏప్రిల్ 5న కొలంబోపై దాడి చేసెను. రెండవది ఓజావా అను సేనాని నాయకత్వమున బర్మా తీరమునందలి మెర్గుయి నుండి ఏప్రిల్ 1న బయలుదేరి బంగాళాఖాతమునకు వచ్చెను. అందు ర్యూజో అను చిన్న విమానవాహక నౌక, ఆరు క్రూయిజర్లు, కొన్ని డిస్ట్రాయర్లు ఉండెను. ఏప్రిల్ 5 రాత్రి ఆ దళము మూడుగా చీలి, ఒరిస్సా తీరమునుండి కృష్ణా తీరమువరకు వల పన్నినట్లు పరచుకొనెను. మరునాటి ఉదయము ఆ వలలో మన సరకుల ఓడలు పడెను.

దార్డనస్‌పై జపాను విమానములు బాంబులు వేసెను. ఓడ దెబ్బతిని సాగలేక నీటిమీద నిలిచిపోయెను. గండారా దానిని త్రాటితో కట్టి లాగుకొని పోసాగెను.

ఒక ఓడ మరియొక ఓడను లాగుట యనగా సామాన్యమైన పని కాదు. బురదలో దిగబడిన బండిని మరియొక బండికి కట్టి లాగుట మీరు చూచియుందురు. అచ్చట నేల కదలదు. సముద్రముమీద లాగు ఓడయు, లాగబడు ఓడయు, రెంటి క్రింది నీరును కదలుచుండును. ఒక ఓడ అలమీదికి లేచినప్పుడు రెండవది పల్లమున నుండును. త్రాడు ఒక క్షణము సడలును. మరు క్షణము బిగియును. వడిగా లాగినచో ఎంత లావు త్రాడైనను తెగును. కావున మెల్లగా లాగవలెను. పైగా ఇచ్చట చిన్న ఓడ పెద్ద ఓడను లాగుచున్నది.

మెల్లగా పోవుట యనిన ఆ దినమున అర్థమేమి? తుపాకులు లేని, లేక నామమాత్రముగా నున్న సరకుల ఓడకు రెండే రక్షలు: తన వేగము, తన యిష్టము వచ్చినట్లు దారి మరలగల స్వేచ్ఛ. మరియొక ఓడను త్రాటితో కట్టుకొన్న ఓడ ఆ రెంటిని కోల్పోవును. సముద్రముమీద వేగమును నాట్ అను మానముతో కొలుతురు; ఒక నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు. ఆనాటి సరకుల ఓడలు సామాన్యముగా పది పండ్రెండు నాట్లకు మించి పోజాలవు. వానిని తరుము జపాను క్రూయిజరు వేగము సుమారు 35 నాట్లు. దానిపై ఎనిమిదంగుళముల వ్యాసము గల ఫిరంగులు పది యుండెను; అవి 25 కిలోమీటర్లకు మించిన దూరమునకు గుండ్లు విసరగలవు.

మచిలీపట్టణమునకు తూర్పుగా, కాకినాడకు దక్షిణముగా, 16 డిగ్రీల ఉత్తర అక్షాంశము చెంత, మికుమా, మొగామి అను క్రూయిజర్లును, అమగిరి అను డిస్ట్రాయరును ఆ జంట ఓడలను కనుగొనెను. ఫిరంగులకును, టార్పెడోలకును గురియై గండారా, దార్డనస్ రెండును మునిగెను. లాగినదియు, లాగబడినదియు ఒకే చోట కడలి అడుగు చేరెను.

ఆ కొలది దినములలో ఓజావా దళము ముంచిన సరకుల ఓడలు 23. వాని మొత్తము పరిమాణము 1,12,000 టన్నులకు పైబడినది. అందు బ్రిటిషు ఓడలు, అమెరికా ఓడలు, నార్వే ఓడలు, డచ్చివారి ఓడలు ఉండెను. ప్రాణములు దక్కినవారు చిన్న పడవలలో తెడ్లు వేసికొనుచు ఒరిస్సా, ఆంధ్ర తీరములకు చేరిరి. అదే దినమున, ఏప్రిల్ 6న, ర్యూజోనుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. తీరపు జనులు పిల్లాపాపలతో, మూటాముల్లెలతో లోపలి ఊళ్ళకు తరలిపోయిరి. ఆనాడు ప్రేలక మిగిలిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియములో ప్రదర్శింపబడియున్నది. దానిని చూచిన విద్యార్థులు యుద్ధము మన గుమ్మమువరకు వచ్చినదని తెలిసికొందురు. కాని అదే దినమున సముద్రముమీద జరిగిన దానిని చూపుటకు అచ్చట ఏ గుర్తును లేదు. నీటిమీద చాలు నిలువదు గదా!

ఆ ఓడలను ముంచిన యుద్ధనౌకలును నిలువలేదు. సరిగా రెండు నెలలకు, 1942 జూన్ 6న, మిడ్వే యుద్ధమున మికుమా మునిగెను. మొగామి 1944 అక్టోబరులో ఫిలిప్పైను దీవుల కడ మునిగెను. అమగిరి 1944 ఏప్రిల్‌లో మైను తగిలి మునిగెను. ఈ అమగిరిని గూర్చి మరియొక సంగతి కలదు. 1943 ఆగస్టులో సాలమను దీవుల కడ అది చీకటిలో ఒక చిన్న అమెరికా యుద్ధపడవను ఢీకొని రెండు తునుకలు చేసెను. ఆ పడవ నాయకుడు ఒక యువకుడు. కాలిన గాయములతో ఈదలేకున్న తన తోటి నావికుని ఆతడు విడువలేదు. ఆ నావికుని రక్షణ చొక్కా పట్టీని పండ్లతో కరచిపట్టి, గంటల తరబడి ఈది, ఒక దీవికి చేర్చెను. ఆ యువకుడే 1961లో అమెరికా దేశమునకు అధ్యక్షుడైన జాన్ కెనెడీ.

గాయపడిన తోటివానిని లాగికొనిపోవుట యను ఈ పనిని లోకమంతయు కొనియాడినది. గండారా చేసినదియు అదే పని కాదా? ఒకటి గట్టు చేరినది, మరియొకటి చేరలేదు. గట్టు చేరిన కథ పుస్తకములకెక్కినది, చలనచిత్రమైనది. చేరనిది ఓడల పట్టికలలో ఒక వాక్యముగా మిగిలినది. ఫలితమును బట్టి పనిని తూచుట లోకరీతి. విద్యార్థులగు మీరు అట్లు తూచరాదు. త్రాడు కట్టిన క్షణముననే ఆ పని పూర్ణమైనది. తరువాత జరిగినది ఫిరంగుల పని.

మునిగిన ఓడలను వెదకుటలోను లోకమునకు ఒక రీతి కలదు. గేర్‌సొప్పాలో వెండి యుండెను. కావున 2011లో దానిని వెదకి, సుమారు 4,700 మీటర్ల లోతున కనుగొనిరి. 2012, 2013 సంవత్సరములలో 2,700కు పైగా వెండి కడ్డీలను పైకి తీసిరి. వెండితోపాటు ఏడు పదుల ఏండ్లు నీటి అడుగున నున్న జాబుల కట్టలును దొరికినవి. మన దేశమునుండి తమ ఇండ్లకు వ్రాసికొన్న ఆ జాబులు కొన్ని ఇంకను చదువదగియుండెను. వెండికై దిగినవారికి మనుష్యుల మాటలు దొరుకుట వింతయే. మన తీరమునందలి ఆ రెండు ఓడలకై మాత్రము అట్టి వెదకులాట జరిగినట్లు నేను వినలేదు.

అయినను ఆ నావికులను బొత్తిగా మరచితిమని చెప్పరాదు. రెండవ ప్రపంచయుద్ధమున ప్రాణములు కోల్పోయిన మన దేశపు నావికులు ఆరు వేలకు పైబడియున్నారు. సముద్రమున మునిగినవారికి సమాధి యుండదు. అందుచేత వారి పేర్లను ఒక గ్రంథమున వ్రాసి, ఒక ప్రతిని ముంబయిలోను, మరియొక ప్రతిని నేటి బంగ్లాదేశమునందలి చిట్టగాంగులోను భద్రపరచిరి. ఆ పేర్లలో ఎక్కువ సైనికులవి కావు. సరకుల ఓడలలో వంటచేసినవారివి, తాళ్ళు లాగినవారివి, కొలిమిలో బొగ్గు వేసినవారివి. ఏప్రిల్ 5వ తేదీన మన దేశమున జాతీయ నౌకాదినోత్సవము జరుపుదురు. 1919లో అదే తేదీన లాయల్టీ అను భారతీయుల పొగయోడ ముంబయినుండి లండనుకు బయలుదేరినందులకు గుర్తు అది. ఆ పండుగ మరునాడే గండారా మునిగిన దినము. పండుగనాడు లాయల్టీని తలచువారు, మరునాడు గండారాను తలచినచో బాగుండును.

ఆ విపత్తునకు ఆరేండ్ల పిదప, 1948 మార్చి 14న, విశాఖపట్టణమున ఒక పెద్ద వేడుక జరిగెను. 1942లో బాంబులు పడిన ఆ ఊరనే, మన దేశీయులు నిర్మించిన 8,000 టన్నుల పొగయోడను ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ సముద్రములోనికి దించెను. దాని పేరు జలఉష. అనగా నీటిమీది తెల్లవారు వెలుగు. దానిని నిర్మించిన కర్మాగారమునకు 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసియుండెను. యుద్ధమువలన పని కుంటువడినను ఆగిపోలేదు. ఓడలు మునిగిన సముద్రములోనికే క్రొత్త ఓడ దిగినది. దానినెక్కుటకు క్రొత్త నావికులును సిద్ధమైరి. వారును కొలిమిలో బొగ్గు వేసిరి. వారును సముద్రమును నమ్మిరి.

నేటి ఓడలు బొగ్గుతో నడువవు, నూనెతో నడుచును. పొగయోడల కాలము గతించినది. అయినను మీ యింట వాడు వస్తువులలో ఎన్నియో నేటికిని సముద్రముమీద ఓడలలోనే వచ్చుచున్నవి. వానిని తెచ్చువారిని మనము చూడము. వారి పేర్లు మనకు తెలియవు. గనిలోని కార్మికునివలె వారును కంటికి కనబడక మన బ్రదుకును నడుపుచున్నారు.

అంతర్వేది గట్టుమీద నన్ను ప్రశ్నించిన ఆ బాలుడు నేడు పెద్దవాడై యుండును. ఆతడు ఈ పాఠమును చదివినచో, నా జవాబులోని లోపము తీరును. నాయనా, ఆ నీటి అడుగున ఇసుకయు, చేపలును మాత్రమే కాదు. అచ్చట రెండు ఓడలు కలవు. వానిలో చిన్నది పెద్దదానిని విడువలేదు. భద్రాచలము మెట్ల కడ మనము చేతులు కడిగిన నీరు పాపికొండలు దాటి, ధవళేశ్వరము దాటి, వాని మీదుగనే ప్రవహించుచున్నది.